జవాబివ్వొద్దట... మరి ఉత్తరమెందుకు రాసినట్టో!

"దయచేసి ఈ మెయిలుకి జవాబివ్వకండి." బిల్లు కట్టమనీ, కేవైసీ గడువు అయిపోతోందనీ వాళ్ళు మనకి రాయొచ్చు. మనం మాత్రం నోరెత్తకూడదు. ఇదెక్కడి మర్యాదో!

రేపు పదింటికి రమ్మని ఆస్పత్రి నుంచి మెయిలొస్తుంది. రాలేనని ఓ పెద్దాయన రిప్లై కొట్టి, చెప్పేశాను కదా అని నిశ్చింతగా పడుకుంటాడు. అది ఎవరూ తెరవని పెట్టెలో పడుతుంది. ఆ పదింటి సమయం ఇంకో రోగికీ దక్కదు.

ఇదేంటని అడిగితే మనవాళ్ళు (అదే, మా సాఫ్ట్‌వేరు జనం) చెప్పే సాకు: "మెయిలు పంపేది సర్వరండీ, అక్కడ చదివేవాళ్ళెవరుంటారు?" అయ్యా, పంపే చిరునామా ఒకటి, జవాబు చేరేది ఇంకొకటి కావచ్చని 1982 నాటి ఆర్ఎఫ్‌సీ 822లోనే ఉంది. దాని పేరే రిప్లై-టు. పైథాన్‌లో ఈమెయిల్‌మెసేజ్‌కి ఫ్రమ్, టు, సబ్జెక్టు ఎలా పెడతారో ఇదీ అలాగే. ఒక్క లైను! జాంగోలో అయితే 2015లో వచ్చిన 1.8 నుంచి ఈమెయిల్‌మెసేజ్‌కి రిప్లై_టు విడిగా ఇచ్చారు (లిస్టు ఇవ్వాలి, ఉత్త స్ట్రింగు ఇస్తే ఎర్రరే). సెండ్_మెయిల్ అనే అడ్డదారిలో మాత్రం అది లేదు. చాలామంది అక్కడే ఆగిపోతారు కాబోలు.

ఇంకొందరు ఘనులున్నారు. వెబ్‌సైటులో ఫారం నింపిన కస్టమరు అడ్రసుని తీసుకెళ్ళి ఏకంగా ఫ్రమ్‌లో పెట్టేస్తారు. అది దొంగ సంతకం కాదూ? యాహూ 2014లోనే డీమార్క్‌లో రిజెక్టు అని పెట్టుకుంది. అలాంటి డొమైను పేరుతో మీరు పంపితే మెయిలు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఫ్రమ్‌లో మీ అడ్రసు, రిప్లై-టులో ఆయనది పెట్టాలి.

"రిప్లైలు తెరిస్తే బౌన్సులు కుప్పలుగా వచ్చి పడతాయి" అనేది మరో సాకు. బౌన్సులు రిప్లై-టుకి రావు! ఎస్ఎంటీపీ-లిబ్‌లో సెండ్‌మెయిల్‌కి మొదట ఇచ్చే అడ్రసుకి పోతాయి. సెలవులో ఉన్నామనే ఆటో జవాబులు కూడా అక్కడికే పోవాలని 2004 నాటి ఆర్ఎఫ్‌సీ 3834 చెప్తోంది (అందరూ పాటించరు లెండి, అది వేరే గొడవ).

ఇక మిగిలేవి మనుషులు రాసిన జవాబులే. చదవడానికి ఒకరికి జీతమివ్వాలి, అసలు బాధ అదీ! ఆ మాట చెప్పరు, నేరం సర్వరు మీదకి తోస్తారు. పోనీ, మీ సర్వరు ఒప్పుకుంటే రిప్లై-టు అడ్రసులో ప్లస్ గుర్తు పక్కన అపాయింట్‌మెంటు నంబరు తగిలించండి. ఆ పెద్దాయన జవాబు ఏ అపాయింట్‌మెంటుదో వెతికే పని కూడా ఉండదు.