చట్టం ఉంది, చేతిలో కాయితమే లేదు

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

2025 మే 6న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీ వాళ్లను డ్యూటీకి పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కు దక్కింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను పిలవొచ్చన్నారు. ఇది రిజర్వు సైన్యం. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లదే, పిలుపు వస్తే యూనిఫాం.

మరి తిరిగొచ్చాక పాత పని దొరుకుతుందా? 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం దొరకాలనే అంటుంది. యజమాని మళ్లీ పనిలో పెట్టుకోవాలి, లేదంటే ఆరు నెలల జీతం దాకా పరిహారం కట్టాల్సి రావచ్చు. రైల్వే, ఆయిల్ కంపెనీల టెక్నీషియన్లతో ప్రత్యేక యూనిట్లే ఉన్నాయి. వాళ్లకు పోస్టు ఉంది, జీతం స్లిప్పు ఉంది. తిరిగొచ్చి చూపిస్తే చాలు.

ఇప్పుడు మన భివండీ సంగతి చూద్దాం. సాంచలు బాగుచేసే జాబర్ కూడా టెక్నీషియనే. కానీ చాలామందికి నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పగార్ నగదుగా చేతికొస్తుంది. రేపు ఒక జాబర్ సైన్యం పిలుపు మీద వెళ్లొస్తే, 'నువ్వు మా దగ్గర ఎప్పుడు పనిచేశావు?' అని సేఠ్ అడిగితే ఏం చూపిస్తాడు? ఆరు నెలల జీతం అంటే ఎంతని లెక్క కడతారు?

చిన్న కార్ఖానా యజమాని కష్టమూ మనకు తెలుసు. మన వాళ్లలోనే ఎంతోమంది యజమానులు. జాబర్ లేకపోతే సాంచలు ఆగుతాయి, వెంటనే ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు. అందుకే ఆ ఖాళీలో పెట్టుకునే మనిషి ఖర్చులో ప్రభుత్వం భాగం పంచుకోవాలని మనం గట్టిగా అడగాలి. దేశం కోసం మనిషిని పంపిన భారం ఎనిమిది సాంచల యజమాని ఒక్కడే ఎందుకు మోయాలి?

కానీ కాయితం ఇవ్వడానికి ఏ ఖర్చూ లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట నియామక పత్రం ఇవ్వాల్సిందే. అంతకంటే చిన్న కార్ఖానాల్లో ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

మన సంఘంలోని యజమానులే ముందు ఇవ్వాలి. ఆ కాయితం సైన్యానికి వెళ్లేవాడికే కాదు, సాంచా కింద చెయ్యి నలిగినవాడికీ అక్కరకొస్తుంది. మీరేమంటారో కింద రాయండి.