పేలని తుపాకి

తుపాకి పేల్చుటకే పుట్టినది. దానికి నూనె రాసి, అద్దాల పెట్టెలో పండబెట్టి, తొడుగు లేని చేతితో ముట్టరాదనుట వీణను గోడకు వ్రేలాడదీసి తీగె మీటరాదనుట వంటిదని పురాతనాయుధములు సేకరించువారిలో కొందఱి వాదము. మూడువందల యేండ్ల వస్తువును ఒక్క మధ్యాహ్నపు ఉబలాటమునకు బలి యిచ్చుట అవివేకమని తక్కినవారి వాదము. పాశ్చాత్యదేశములలో ఈ తగవు నేటికిని తెగలేదు. వేడుకకాండ్ర కలహమని దీనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. పూర్వవస్తువును దేనికొఱకు దాచవలెనను ప్రశ్న దీనిలో నిమిడి యున్నది.

ఆస్ట్రియా దేశమున గ్రాట్స్ నగరమందు 1642-44 సంవత్సరములలో నిర్మించిన ఆయుధాగార మొకటి కలదు. తురుష్కుల దండయాత్రల నెదుర్కొనుటకై స్టిరియా మండలమువారు కూర్చుకొన్న తుపాకులు, కవచములు, ఈటెలు, ఖడ్గములు సుమారు 32,000 అందు నేటికిని భద్రముగా నున్నవి. ఈ పాత సరంజామా నంతటిని తీసివేయవలెనని మేరియా థెరీసా రాణి తలచెను. పూర్వుల పరాక్రమమునకు గుర్తుగా నైన ఉండనిండని మండల ప్రతినిధులు వేడుకొనగా ఆమె సమ్మతించెను. ఆ విధముగా 1749లో యుద్ధపరికరములు స్మారకచిహ్నములైనవి.

ఆ చిహ్నములలో కొన్ని 1988-89లో మరల నిప్పు చూచినవి. పీటర్ క్రెన్ మున్నగు పండితులు ఆస్ట్రియా సైన్యము తోడ్పాటుతో 16వ శతాబ్ది మొదలు 18వ శతాబ్ది వఱకు గల తుపాకులు పదికి పైగా ఎన్నుకొని పరీక్షించిరి. ఎవరును వానిని భుజమున కెత్తుకొనలేదు. చట్రమున బిగించి, దూరమునుండి విద్యుత్తుచే ముట్టించి, గుండు వేగమును యంత్రములతో కొలిచిరి. గొట్టము విడుచునపుడు ఆ వేగము సగటున సెకనుకు 454 మీటరులని, అనగా ధ్వనికంటె అధికమని తేలినది. అయితే గుండ్రని సీసపుగుండు గాలిలో ఆ వేగమును త్వరగా పోగొట్టుకొనును. నునుపు గొట్టముగల తుపాకి నూఱు మీటరుల దూరమున మనిషంత గుఱిని సుమారు సగముసార్లే తాకగలదు. ఆనాటి సైనికులు బారులు తీరి ఒక్కుమ్మడిగా కాల్చుటకు కారణమేమో చరిత్రకారులు చెప్పుచునే యుండిరి. గుఱి ఎంత తప్పునో అంకెలతో చెప్పినది ఆ పాత ఇనుమే.

వా రంతటితో నాగలేదు. ఔగ్స్‌బర్గ్ కమ్మరులు 16వ శతాబ్దిలో చేసిన ఉక్కు కవచపు ఫలకముపై, 17వ శతాబ్ది రౌతు పిస్తోలును ఎనిమిదిన్నర మీటరుల దూరమునుండి పేల్చి చూచిరి. ఉక్కు చిల్లి పడినది. వెనుకనున్న గుడ్డ పొరలకడ గుండు శక్తి యుడిగి నిలిచిపోయినది. నాలుగువందల యేండ్ల ఉక్కునకు అది మాయని గాయము. ఇంత నష్టము తగునా? వేలకొలది వస్తువులలో ఒకటి, ఒక్కమాఱు, కొలతలతో, లోకమునకు వెల్లడియైన ఫలితములతో దెబ్బతిన్నది. ఈ వ్యయము సమంజసమే. అటువంటి ఫలకము లోకమున ఒక్కటే మిగిలి యున్నచో ఇదే పని అపరాధమై యుండెడిది.

పేల్చుటవలన కలుగు హాని స్వల్పము కాదు. నల్లమందు మండగా మిగులు మసి తేమను పీల్చి గొట్టమును తుప్పు పట్టించును. ఇనుమును ఉక్కును పెనవేసి చేసిన వెనుకటి గొట్టములలో పొగలేని నేటి మందు కూరినచో అవి చేతిలోనే పగులవచ్చును. కమాను విరిగిన క్రొత్తది అమర్పవచ్చును. కాని పాతపనివాని ముద్ర యుండునా?

ఇన్నియు నెఱిగియు పాత తుపాకులను కాల్చువారు గలరు. ముందునుండి మందు కూరు తుపాకులకై 1971లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘము పోటీలు జరుపుచున్నది. అసలు తుపాకులకు ఒక తరగతి, నకళ్లకు వేఱొక తరగతి. 1857 తిరుగుబాటునకు నిప్పురవ్వ యైన తూటా ఏ ఎన్‌ఫీల్డు తుపాకిదో, ఆ 1853 నమూనా లక్షలకొలది తయారైనది. అందు గట్టిదాని నొకదానిని, వేడినీటితో కడిగి తుడుచు ఓపికగలవాడు కాల్చినచో చరిత్రకు వచ్చు లోటు లేదు. అటకమీద తుప్పుపట్టుదానికంటె దాని స్థితియే మేలు.

వింత యేమనగా, అసలు కాల్చకుండుటకే అమ్ముడువోయిన తుపాకులును గలవు. వించెస్టరు సంస్థ తన నూఱేండ్ల పండుగకు 1966లో వెలువరించిన స్మారక తుపాకులు లక్షకు పైబడినవి. కొన్నవారిలో పలువురు వెల పెరుగునని పెట్టె మూత తీయక దాచిరి. అందఱును దాచిన వస్తువునకు అరుదుదన మెట్లు వచ్చును? రివాల్వరులు సేకరించువారి అవస్థ మఱియు విచిత్రము. గుండ్ల చక్రమును ఒక్కమాఱు త్రిప్పిన సన్నని గీత పడునేమో యని వారికి గుబులు. పాండవుల ఆయుధములు ఏడాదికి జమ్మిచెట్టు దిగినవి. వీనికి ఆ గడువైనను లేదు.

ఆంగ్లదేశపు 1968 చట్టము ఈ తగవును తనదైన తీరున తేల్చినది. పురాతనమైన తుపాకిని వింతవస్తువుగా, అలంకారముగా ఉంచుకొన్నంతవఱకు అనుమతిపత్రము అక్కఱలేదు. పేల్చవలెనని తలచిన క్షణముననే కావలెను. మన దేశపు 1959 ఆయుధచట్టము, పురాతనమై, బాగుచేసినను పేలజాలని తుపాకికి మాత్రమే మినహాయింపు నిచ్చినది. 2019 సవరణవలన ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. వంశపారంపర్యముగా వచ్చినవియు ఈ లెక్కలోనివే. కనుక తాతల తుపాకులున్న ఇండ్లవారు మూడవదానిని ఠాణాకో, లైసెన్సుగల వర్తకునికో అప్పగింపవలసినదే. వారికి పేల్చుటా మానుటా యను విచికిత్సకంటె ముందు వేఱొక పని గలదు. గొట్టముపై చెక్కిన పనివాని పేరు, సంఖ్య, ఏ తరమువాడు ఎచ్చట కొన్నాడో ఇంటి పెద్దలకు తెలిసినంత కాగితముమీద వ్రాసి తుపాకితోబాటు పంపవలెను. ఆ పెద్దలలో పలువురు ఇప్పటికే ఎనుబది దాటినవారు.