సజ్దాకు 15 గజాల శిక్ష

2014 సెప్టెంబర్ 29, సోమవారం రాత్రి. అమెరికాలోని కాన్సస్ సిటీ నగరం, ఆరోహెడ్ స్టేడియం. స్థానిక జట్టు చీఫ్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో తలపడుతోంది. ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిన టామ్ బ్రేడీ విసిరిన బంతిని చీఫ్స్ రక్షణ ఆటగాడు హుసేన్ అబ్దుల్లా మధ్యలోనే అందిపుచ్చుకుని, 39 గజాలు పరుగెత్తి గీత దాటారు. ఆ ఆటలో దానిని టచ్‌డౌన్ అంటారు. గీత దాటిన హుసేన్ మోకాళ్ళ మీద జారుతూ వెళ్ళి, నుదురు నేలకు ఆనించి సజ్దా చేశారు. రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన అన్నది అభియోగం. శిక్ష 15 గజాలు.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ధరించి ఒకరినొకరు ఢీకొంటూ గజం గజం ముందుకు సాగే ఆట అది. అక్కడ 15 గజాలు కోల్పోవడం చిన్న నష్టం కాదు. ఆ రాత్రి మాత్రం చీఫ్స్ 41-14తో ఘనవిజయం సాధించింది గనుక ఆ శిక్ష ఫలితాన్ని మార్చలేదు. అయినా దాని గురించి ఇన్నేళ్ళ తర్వాతా మాట్లాడవలసి వస్తున్నదంటే అందుకు కారణం పాయింట్లు కావు.

నేల మీదకు చేరి సంబరాలు జరుపుకోరాదన్నది అప్పటి నిబంధన. అయితే మతవిశ్వాస ప్రకటనగా నేలకు వంగిన ఆటగాణ్ణి శిక్షించరాదన్నది లీగ్ అనుసరిస్తున్న పద్ధతి. మరునాడు లీగ్ ప్రతినిధి ఈ మాటే చెప్పి, హుసేన్‌కు శిక్ష విధించవలసింది కాదని బహిరంగంగా అంగీకరించారు. అంటే హక్కు ఉన్నది. మినహాయింపు ఉన్నది. వాటిని అమలు చేయవలసిన మనిషికి, కన్నుమూసి తెరిచేలోగా నిర్ణయం తీసుకోవలసిన ఆ క్షణాన, తన కళ్ళ ముందు జరుగుతున్నది ఆరాధన అని తట్టలేదు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 2011లో డెన్వర్ బ్రాంకోస్ ఆటగాడు టిమ్ టీబో ఒక మోకాలి మీద వంగి, పిడికిలిని నుదుటికి ఆనించి ప్రార్థించే భంగిమ అమెరికా అంతటా ప్రసిద్ధి పొందింది. ఆయన పేరు మీద ఒక క్రియాపదమే పుట్టింది. దానిని మెచ్చుకున్నవారూ, ఎగతాళి చేసినవారూ ఉన్నారు గానీ, అది ప్రార్థనా కాదా అన్న సందేహం మాత్రం ఎవరికీ కలగలేదు. అధిక సంఖ్యాకుల ఆరాధనకు పరిచయం అక్కరలేదు. గాలిలాగా అది అంతటా ఉంటుంది. అల్పసంఖ్యాకుడు ముందుగా తానేం చేస్తున్నాడో వివరించుకోవాలి, ఆపైన హక్కు కోరుకోవాలి. వివక్ష అనగానే ద్వేషంతో ఊగిపోయే ముఖాన్ని ఊహించుకోవడం మనకు అలవాటు. ఆరోహెడ్‌లోని రిఫరీలో ద్వేషం ఉన్నదనడానికి ఏ ఆధారమూ లేదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ కష్టమైన సమస్య. ద్వేషాన్ని కోర్టుకు ఈడ్చవచ్చు. అపరిచయాన్ని ఏ సెక్షన్ కింద ఈడుస్తాం?

హుసేన్ స్పందన గమనించదగినది. తనను వేధించారని ఆయన గొంతెత్తలేదు. తాను మోకాళ్ళ మీద జారుతూ వెళ్ళినందుకే శిక్ష వేసి ఉంటారని సర్దిచెప్పారు. కోచ్ ఆండీ రీడ్ అయితే, మక్కాకు వెళ్ళివచ్చిన మనిషికి ఎక్కడ కావాలంటే అక్కడ జారే స్వేచ్ఛ ఉండాలని చమత్కరించారు. ఆ చమత్కారం వెనుక ఒక పెద్ద కథ ఉన్నది.

లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన హుసేన్ 2008లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి బయటికి వచ్చినప్పుడు, ఆ ఏటి ఎంపికలో జట్లు తీసుకున్న సుమారు 250 మంది జాబితాలో ఆయన పేరు లేదు. మిన్నెసోటా వైకింగ్స్ విడిగా పిలిచి అవకాశం ఇచ్చింది. అలా చివరి వరుసలో చేరినవాడు కాలక్రమంలో తుది జట్టులో స్థానం సంపాదించుకున్నాడు. ఆ ఏళ్ళలో రంజాన్ సరిగ్గా ఆగస్టు శిక్షణ శిబిరాల మీదికి వచ్చింది. మండుటెండలో, భారీ కవచాలతో, గుక్కెడు నీళ్ళయినా లేకుండా సాధన. శిక్షకులు కలవరపడ్డారు. అయితే రోజా మానమని ఆదేశించే బదులు పోషకాహార నిపుణులను కూర్చోబెట్టి సహరీకి ఏం తినాలి, ఇఫ్తార్ తర్వాత ఎంత నీరు తాగాలి అని ప్రణాళిక వేయించారు. యాజమాన్యాలు చేయగలిగిన పని ఇంతే. దానికి పెద్ద ఖర్చూ కాదు.

ఆ తర్వాత 2012. వైకింగ్స్‌తో ఒప్పందం ముగిసింది. వయసు 26 దాటి 27లోకి వస్తున్నది. సగటున మూడు నాలుగేళ్ళకే ముగిసిపోయే ఈ వృత్తిలో అది పంట చేతికొచ్చే కాలం. ఆ ఏడు హజ్ అక్టోబర్ నెలాఖరున వచ్చింది. ఫుట్‌బాల్ సీజన్ సెప్టెంబర్‌లో మొదలై జనవరి దాకా సాగుతుంది. హుసేన్, ఆయన అన్న హమ్జా ఇద్దరూ ఆ సీజన్ మొత్తాన్ని వదులుకుని హజ్‌కు బయలుదేరారు. హమ్జా కూడా అదే లీగ్‌లో ఏడేళ్ళు ఆడినవాడు. తిరిగి వచ్చాక 2013లో హుసేన్‌ను చీఫ్స్ తీసుకున్నది. హమ్జా మళ్ళీ ఆ లీగ్‌లో ఆడలేదు. మన వేదికల మీద ఈ కథను చెప్పేవారు తమ్ముడి టచ్‌డౌన్‌తో ముగిస్తారు. అన్ననూ చెప్పాలి. లేకుంటే త్యాగానికి ప్రతిఫలం తప్పక లభిస్తుందనే తీయని మాట మిగులుతుంది గానీ, త్యాగం అనే మాటకు అర్థం మిగలదు.

అయితే అబ్దుల్లా సోదరులకు ఒక వెసులుబాటు ఉండింది. ఒప్పందం ముగిసినవారు గనుక సెలవు ఎవరినీ అడగనక్కరలేదు. కొంత కాలం గడవడానికి సంపాదన ఉన్నది. నెలజీతం మీద బతికేవారి మాటేమిటి? 2008లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బర్క్‌లీలో ఒక గణిత ఉపాధ్యాయురాలు హజ్‌కు జీతం లేని సెలవు మూడు వారాలు అడిగారు. పాఠశాల యంత్రాంగం తిరస్కరించింది. ఆమె ఉద్యోగం వదులుకుని హజ్‌కు వెళ్ళారు. 2010 చివరలో అమెరికా న్యాయశాఖే ఆమె పక్షాన దావా వేసింది. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ఉద్యోగి మతాచరణకు యజమాని సహేతుకమైన వెసులుబాటు కల్పించాలన్నది వాదన. మరుసటి ఏడు 75,000 డాలర్ల చెల్లింపుతో రాజీ కుదిరింది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ బాధ్యతను మరింత బిగించింది: వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని నిరూపిస్తేనే యజమాని వెసులుబాటును నిరాకరించవచ్చు. ఆ తీర్పుకు కారణమైనవాడు ఆదివారం పనిచేయనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి. ఆయన గెలిచిన హక్కు రేపు జుమా నమాజుకు అనుమతి అడిగే ముస్లిం కార్మికుడికీ అక్కరకు వస్తుంది. ఇతరుల మతహక్కుల పోరాటాలను మనం ఆసక్తితో గమనించవలసింది ఇందుకే.

మన రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాచరణ స్వేచ్ఛను ఇచ్చింది. కానీ ప్రైవేటు యజమాని ఉద్యోగికి వెసులుబాటు కల్పించి తీరాలనే ఆ తరహా సాధారణ చట్టం మనకు లేదు. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం ఒక గంట ముందే వెళ్ళవచ్చని 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ ఉత్తర్వులిచ్చాయి. బుజ్జగింపు అంటూ వెంటనే రాజకీయ విమర్శలు వచ్చాయి. ఒక గంట ముందు ఇంటికి పంపే ఉత్తర్వు దయగా వచ్చినప్పుడు దానికి బుజ్జగింపు అనే పేరు పెట్టడం సులువు. అది చట్టంలో అందరి హక్కుగా ఉంటే అంత సులువు కాదు. పైగా ఆ ఉత్తర్వులు బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, ప్రైవేటు కార్యాలయాల్లో పనిచేసేవారికి వర్తించవు.

మైదానంలో సజ్దా అన్న ప్రశ్న మన దగ్గరికీ వచ్చింది. 2023 నవంబర్ 2న ముంబై వాంఖడే మైదానంలో శ్రీలంక మీద ఐదు వికెట్లు తీసిన మహమ్మద్ షమీ మోకాళ్ళ మీద నేలకు వంగారు. సజ్దా చేయబోయి భయంతో ఆగిపోయాడని సరిహద్దుకు అటూ ఇటూ వ్యాఖ్యానాలు చెలరేగాయి. సజ్దా చేయదలచుకుంటే తనను ఆపేదెవరని, తాను ముస్లింనని, భారతీయుణ్ణని గర్వంగా చెప్పుకుంటానని షమీ తర్వాత సమాధానమిచ్చారు. ఇక్కడితో ఆగితే మనకు సౌకర్యమే. కానీ 2025 మార్చిలో దుబాయిలో మ్యాచ్ మధ్యలో ఆయన పానీయం తాగుతున్న చిత్రం బయటికి వచ్చినప్పుడు, రోజా లేనందుకు ఆయనను నేరస్థుడన్న గొంతు మన వైపు నుంచే వచ్చింది. ప్రయాణంలో ఉన్నవారికి షరీఅత్ ఇచ్చిన సడలింపును గుర్తుచేయవలసిన పని ఇతర పండితుల మీద పడింది.

హుసేన్ రోజా ఉన్నారు, షమీ ఆ రోజు లేరు. ఇద్దరి నిర్ణయాన్నీ ఇతరులు మైదానం బయట నిలబడి తూచడం ఒకే రకం జోక్యం. రిఫరీ ఒక వైపు పసుపు గుడ్డ విసిరితే, మనం మరో వైపు నుంచి విసురుతున్నాం. హుసేన్‌ను ఆదర్శంగా చూపేటప్పుడు మన పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఆయన గొప్పతనం ఎవరూ బలవంతపెట్టకుండా ఎంచుకోవడంలో ఉన్నది.

చివరి నిర్ణయమూ ఆయన అలాగే తీసుకున్నారు. ఆటలో తలకు దెబ్బలు తగిలి మెదడు అదిరిపోవడం ఐదోసారి జరిగాక, 2016 మార్చిలో, 30 ఏళ్ళ వయసులో ఆట మానేశారు. ఫుట్‌బాల్‌ను మించిన లక్ష్యాలున్నాయని, వాటికి మెదడు సరిగా ఉండాలని ప్రకటించారు. మరుసటి ఏడు లీగ్ నేల మీది సంబరాలపై నిషేధాన్నే ఎత్తివేసింది. ఇప్పుడు సజ్దా చేసే ఆటగాడికి మినహాయింపు అవసరమే లేదు.

రోజా సంగతి మాత్రం మిగిలే ఉంది. చాంద్రమాన నెలలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి గనుక, శిక్షణ శిబిరాలను దాటిపోయిన రంజాన్ 2029, 2030 సంవత్సరాల్లో జనవరిలోకి వస్తుంది. ఆ లీగ్‌లో అది తుది పోటీలు జరిగే నెల.