శివరాత్రికి చలి పోవచ్చు, నల్లమల దారిలో ఎండ కాచుకుని ఉంటుంది

ఆత్మకూరు: ‘శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుంది’ అన్న సామెత పల్లెల్లో తెలియని వారు లేరు. చలి పోయాక వచ్చేదేమిటో మాత్రం ఆ సామెత చెప్పదు. ఏటా శివరాత్రికి వెంకటాపురం మీదుగా నల్లమల అడవిలో కాలినడకన శ్రీశైలం వెళ్లే వేలాది భక్తులు తెలుసుకోవలసింది అదే. ఈ దారిలో ఒకే రోజున తెల్లవారుజామున చలి, మధ్యాహ్నం మండుటెండ, రాత్రికి మళ్లీ మంచు ఎదురవుతాయి. మూడింటికీ సిద్ధపడకుండా బయలుదేరితే యాత్ర ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం ఉంది.

తేదీని బట్టి ఎండ

శివరాత్రి తిథిని బట్టి వచ్చే పండుగ కనుక ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. చాంద్రమాన సంవత్సరానికి రోజులు 354 మాత్రమే. అందువల్ల పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అధికమాసం వచ్చిన తరువాత ఒక్కసారిగా వెనక్కు పోతుంది. 2023లో ఫిబ్రవరి 18న వచ్చిన శివరాత్రి 2024లో మార్చి 8న వచ్చింది. 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15 తేదీలు పడ్డాయి. 2027లో మళ్లీ మార్చి 6.

మన ప్రాంతంలో ఈ మూడు వారాల తేడా చిన్నది కాదు. నంద్యాల, కర్నూలు మైదానంలో ఫిబ్రవరి నడుమ పగటి వేడి సాధారణంగా 34 డిగ్రీల దగ్గర ఉంటే, మార్చి రెండో వారానికి 37 దాటుతుంది. ఫిబ్రవరిలో వచ్చే శివరాత్రికి చేసుకున్న ఏర్పాట్లు మార్చి శివరాత్రికి చాలవు. ఉగాదికి ఇదే దారిన వచ్చే కన్నడ భక్తుల పరిస్థితి మరీ కష్టం. ఉగాది శివరాత్రి తరువాత నెల రోజులకు గాని రాదు. అప్పటికి ఎండలు ముదిరిపోతాయి.

పోనీ, ఫిబ్రవరిలో వచ్చిన శివరాత్రి చల్లగా ఉంటుందనుకోవడానికీ ఇప్పుడు వీలు లేదు. దేశం మొత్తం మీద పగటి వేడి సగటు చూస్తే 1901 తరువాత అంత వేడి ఫిబ్రవరి 2023లో వచ్చిందని భారత వాతావరణ శాఖ ప్రకటించింది. రాత్రి, పగలు కలిపిన సగటు చూస్తే ఆ స్థానం 2025 ఫిబ్రవరిది. ఆ రెండేళ్లూ శివరాత్రి ఫిబ్రవరిలోనే వచ్చింది.

కొండ చల్లన అన్న భ్రమ

కొండ ఎక్కుతున్నాం కదా, చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వెయ్యి అడుగులు ఎక్కితే తగ్గేది సుమారు రెండు డిగ్రీలు మాత్రమే. శ్రీశైలం ఉన్నదే సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తున. కాబట్టి ఎత్తును నమ్ముకుని ఎండను లెక్కచేయకపోవడం పొరపాటు.

నీడ సంగతీ అంతే. నల్లమల ఆకు రాల్చే అడవి. వానాకాలంలో దట్టంగా కనిపించే టేకు, నల్లమద్ది శివరాత్రి నాటికి చాలావరకు ఆకు రాల్చేస్తాయి. మోదుగ చెట్టు నిండా పూలుంటాయి గాని కింద నీడ ఉండదు. రేడియోలో చెప్పే డిగ్రీలు నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో ఉంచిన పరికరం చూపే డిగ్రీలు. నెత్తి మీద ఎండ, కాళ్ల కింద కాలిన రాయి ఉన్న మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. మాల వేసుకుని చెప్పులు లేకుండా నడిచే స్వాములకు ఈ కష్టం రెట్టింపు.

మరొక సంగతి గమనించాలి. ఈ రోజుల్లో గాలిలో తేమ తక్కువ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు కనుక తనకు చెమట పోయడం లేదని మనిషి అనుకుంటాడు. లోపల మాత్రం నీరు తరిగిపోతూ ఉంటుంది. దాహం వేసినప్పుడే తాగుదామనుకుంటే ఆలస్యమవుతుంది. ఉపవాసంతో నడిచేవారికి ఇది ఇంకా త్వరగా వస్తుంది.

కష్టమైన చోటు భీముని కొలను

వెంకటాపురం నుంచి నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా ఈ దారి సాగుతుంది. దూరం 40 కిలోమీటర్లు పైబడి ఉంటుంది. ఇందులో భీముని కొలను లోయే అసలు పరీక్ష. లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి నిట్టనిలువుగా మెట్లు ఎక్కాలి. లోయలో గాలి ఆడదు. పొద్దుటి నుంచి కాలిన రాళ్లు మధ్యాహ్నానికి వేడి కక్కుతూ ఉంటాయి. అప్పటికే అలసిన కాళ్లు ఇక్కడే పట్టేస్తాయి. వృద్ధులు, బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారు మధ్యాహ్నం పూట ఈ ఎక్కుడుకు పూనుకోకపోవడం మంచిది.

ఉపాయం ఒక్కటే. మొదటి రోజు తెల్లవారగానే వెంకటాపురంలో బయలుదేరి, ఎండ ముదిరిన వేళ నీడ పట్టున ఆగి, సాయంత్రానికి పెద్దచెరువు చేరుకోవాలి. రాత్రి అక్కడే ఉండి, మరునాడు అటవీ సిబ్బంది అనుమతించే మొదటి వేళకే కదిలితే ఎండ ఎక్కక ముందే కైలాసద్వారం చేరవచ్చు. ఒక్క రోజులో ముగించాలన్న పంతం పనికిరాదు.

రాత్రి చలి, అకాల వాన

పగలు ఇంత ఎండ కాసినా రాత్రి దుప్పటి లేకుండా గడవదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేడి త్వరగా పోతుంది. చల్లగాలి బరువు కనుక గట్ల మీద నుంచి పల్లానికి దిగుతుంది. అందుకే మిట్ట మీద కంటే చెరువు ఒడ్డున, లోయలో చలి ఎక్కువ. చెమటతో తడిసిన బట్టలతోనే పడుకుంటే చలి మరింత ఎక్కువగా తగులుతుంది. పొడి బట్టలు ఒక జత, దుప్పటి ఒకటి మోయడం బరువనుకోరాదు. చలి మంట వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఎండిన గడ్డి, రాలిన ఆకు ఉన్న ఈ రోజుల్లో ఒక్క బీడీ ముక్క చాలు అడవి తగలబడడానికి. ఆ మంట ముందు దెబ్బతీసేది నాగలూటి, పెద్దచెరువు గూడేల చెంచులనే.

మార్చి వస్తే మరొక ముప్పు పిడుగుల వాన. 2023 మార్చి మూడో వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వడగండ్లు పడి పైర్లు దెబ్బతిన్నాయి. ఆ ఏడు ఉగాది మార్చి 22న వచ్చింది. మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉరుము వినిపిస్తే గట్టు కొన మీద గాని, ఒంటి చెట్టు కింద గాని నిలబడకూడదు. తడిసిన రాతి మెట్ల మీద తొందరపడరాదు.

భక్తులు, అధికారులు చేయవలసినవి

ప్రతి ఒక్కరూ రెండు లీటర్ల నీరు పట్టే డబ్బా వెంట ఉంచుకుని, నీరు దొరికిన ప్రతిచోటా నింపుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. రోజూ మందులు వాడేవారు ఉపవాసం పేరుతో డాక్టరును అడగకుండా మానరాదు. తోటి మనిషి మాట తడబడినా, ఒళ్లు కాలుతూ మైకం కమ్మినా అది వడదెబ్బ అని గుర్తించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఆలస్యం చేయకుండా వైద్య శిబిరానికి మోసుకుపోవాలి.

అధికారుల వైపు నుంచి కావలసినది తేదీని చూసి ఏర్పాటు. పండుగ మార్చిలో పడిన ఏడు నీటి తొట్లు, వైద్య శిబిరాలు పెంచాలి. భీముని కొలను దిగువన ఒకటి, కైలాసద్వారం మెట్ల నడుమ ఒకటి తప్పనిసరి. అమరావతి వాతావరణ కేంద్రం సూచనను ఏ రోజుకారోజు వెంకటాపురంలో, నాగలూటిలో నల్లబల్ల మీద తెలుగులోనూ, కన్నడంలోనూ రాసి పెట్టాలి. అడవి లోపల సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందదు కనుక ఈ బల్లే దిక్కు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

రెడ్డిరాజుల కాలం నాటివిగా చెప్పుకునే మెట్లు ఈ దారిలో నేటికీ ఉన్నాయి. దారి పాతదే గాని ఎండ పాతది కాదు. పంచాంగంతో పాటు వాతావరణ సూచన కూడా చూసుకుని బయలుదేరడం భక్తికి లోటు కాదు.