పేరు పెట్టి తగవు

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే కోటిపల్లి చేరేలోగా ఏ కాలేజీలో ఎవరికి మార్కులు కలిపారో, ఎవరి థీసిస్ ఎవరు రాసిపెట్టారో అంతా చెవిన పడుతుంది. కాగితం మీద పెట్టండి అంటే మాత్రం, ‘‘ఆయ్, మనకెందుకండీ బాబూ’’ అని అవతలి గట్టు చూస్తారు.

1833లో బెవర్లీ అనే ఇంగ్లీషాయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం భ్రష్టుపట్టిపోయిందంటూ దాని ఛాన్సలరుకే బహిరంగ లేఖ రాసి, తన పేరుతో అచ్చువేశాడు. అందులో కారం కాస్త ఎక్కువే. డార్విన్‌ను వెంటబెట్టుకుని వేల్స్ కొండల్లో రాళ్లు చూపించిన కేంబ్రిడ్జి ప్రొఫెసర్ సెడ్జ్‌విక్ ‘లీడ్స్ మెర్క్యురీ’ పత్రికలో ఆయనకు ఘాటుగా జవాబిచ్చాడు. అలాగని సెడ్జ్‌విక్ విశ్వవిద్యాలయాన్ని గుడ్డిగా వెనకేసుకొచ్చే రకం కాదు. ఆంగ్లికన్ చర్చికి చెందనివాళ్లకూ డిగ్రీలివ్వాలని 1834లో పార్లమెంటుకు అర్జీ పెట్టినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. మతం అడ్డు దాదాపుగా తొలగింది మాత్రం 1871 చట్టంతోనే.

మనవాళ్లూ విశ్వవిద్యాలయంతో బాహాటంగా తగవుపడ్డారు. అది లంచాల గురించి కాదు, పరీక్షలో ఏ తెలుగు రాయాలన్నదాని గురించి. గ్రాంథికానికి కొమ్ముకాసిన జయంతి రామయ్య పంతులుగారిది ఈ ముక్తేశ్వరమే. ఆయన పుస్తకం వేస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం తరఫున పుస్తకం వేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘం గ్రాంథికం వైపే మొగ్గింది. అందులో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతిని పేజీలకు పేజీలు రాసిచ్చారు. తెలుగు కోసం జరిగిన ఈ పోరులో ముఖ్యమైన పత్రాలు చాలావరకు ఇంగ్లీషువే. తీర్పు చెప్పేచోట చెల్లే భాష అదే మరి! మరుసటేడాదే గురజాడ పోయారు. ఆనాటి ఉపసంఘం నివేదికను వెతికి చదివేవాళ్లు ఇవాళ అరుదు. అసమ్మతి పత్రాన్ని మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు. రామయ్య పంతులుగారు పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తే 1924లో కాకినాడలో వ్యావహారికం విషయంలో పట్టు సడలించింది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు.

ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయం మీదైనా ఆరోపణ వస్తే సంఘం వేస్తారు, సంఘం నివేదిక ఇస్తుంది, నివేదిక బీరువాలోకి పోతుంది. సంఘంలో ఒక్కరైనా కాదన్నారో లేదో బయటివాళ్లకు తేలిగ్గా తెలియదు. కాదన్నవారి మాటతో సహా ఆ నాలుగు కాగితాలూ అచ్చువేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.