కిన్నెర ఇంట్రోకేనా?

భీమ్లా నాయక్ టైటిల్ సాంగ్ 2021లో వచ్చినప్పుడు నేను ఇంకా స్కూల్లో ఉన్నా. ఇప్పటికీ మన ఫెస్ట్‌లో డీజే ఆ పాట వేస్తే గ్రౌండ్ మొత్తం లేస్తుంది. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట దర్శనం మొగులయ్య గారి గొంతు, ఆయన కిన్నెర. తర్వాత తమన్ డ్రమ్స్ దిగుతాయి. అక్కడి నుంచి పాట అయిపోయేదాకా కిన్నెర ఎక్కడుంది? నా చెవికైతే దొరకలేదు.

పాట బాలేదని కాదు, నాకు చాలా ఇష్టం. నా గొడవంతా ఫ్యూజన్ అనే మాటతోనే. పాత వాద్యాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి స్వాగతం చెప్పించి, లోపల విందు మనమే చేసుకుంటే దాన్ని కలయిక అనొచ్చా?

మరి ఇంకెలా చేస్తారంటారా? ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో యోల్ంగు అనే ఆదివాసులున్నారు. వాళ్లలో కొందరు, తెల్లవాళ్లు కొందరు కలిసి 1986లో యోతు యిండి అనే రాక్ బ్యాండ్ పెట్టారు. ఆ పేరుకు బిడ్డ, తల్లి అని అర్థం. వాళ్ల మొదటి ఆల్బమ్ 'హోమ్‌ల్యాండ్ మూవ్‌మెంట్' 1989లో వచ్చింది. ఒక వైపంతా రాక్ పాటలు. రెండో వైపు ఎక్కువగా యోల్ంగుల సంప్రదాయ పాటలు. యిడాకి, అంటే మనం డిడ్జరిడూ అని వినే పొడుగాటి చెక్క బూర, బిల్మా అనే తాళం కర్రలు. హుక్ లేదు, డ్రాప్ లేదు. రెండో వైపు వినడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. కానీ ఆ బూర ఊదినవాళ్లు, ఆ కర్రలు కొట్టినవాళ్లు బ్యాండ్ మెంబర్లు, గెస్టులు కాదు. ఆల్బమ్‌లో సగం వాళ్లది.

సినిమా లేకపోతే మొగులయ్య ఎవరికి తెలుసు అని నా రూమ్మేట్ వాదన. నిజమే. ఆ పాట లేకపోతే నాలాంటి ఇంగ్లిష్ మీడియం పిల్లోడికి పన్నెండు మెట్ల కిన్నెర అనే మాటే తెలిసేది కాదు. యోతు యిండి పేరు మోగింది కూడా 1991లో 'ట్రీటీ' పాట డాన్స్ రీమిక్స్‌తోనే. కాకపోతే ఆ రీమిక్స్ నచ్చినవాడు వెనక్కి వెళ్తే వినడానికి ఆల్బమ్‌లున్నాయి. నేను వెనక్కి వెళ్తే దొరికినవి ఫోన్‌తో తీసిన వీడియోలు, టీవీ ఇంటర్వ్యూలు. వాటిలోనే అసలు కిన్నెర ఉంది. ఆయన పండుగ సాయన్న కథ పాడుతుంటే, గొంతు ఆగిన చోట కిన్నెర అందుకుంటుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషే 2024లో కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న వీడియో కూడా మన ఫోన్లలోనే చూశాం.

ఇంకో సంగతి. కిన్నెర మెట్లు మైనంతో అతికిస్తారు. ల్యాప్‌టాప్‌లో మనం గీసుకున్న స్వరాల గళ్లలో అవి సరిగ్గా కూర్చోవు. అందుకే నాలుగు సెకన్ల ముక్క కోసి, శ్రుతి సరిచేసి, లూప్ వేసేస్తారు. పాటే కిన్నెర దగ్గరికి రావచ్చు కదా అని ఎవరికీ తోచదు.

మా వేల్పూర్‌లో ఎల్లమ్మ పట్నాలేస్తే బైండ్లాయన జమిడిక వాయిస్తూ రాత్రంతా కథ చెప్తాడు. ఒక్కటే తీగ. లాగి వదిలితే లోపల నుంచి ఎవరో మూలిగినట్టు ఉంటది. అదే ఊర్లో పెళ్లి బరాత్‌కు డీజే బాక్సులు కిటికీలు అదరగొడతాయి. నేను రెండింటికీ ఎగిరినోణ్నే. ఆ రెండూ ఒకే పాటలో మొదటి నుంచి చివరిదాకా నిలబడ్డది మాత్రం ఇంతవరకు వినలేదు.

అందుకే మన ఫెస్ట్‌లో ఫోక్ ఫ్యూజన్ పోటీకి ఒక రూల్ అడుగుతున్నా. లూప్ వద్దు. ఏ వాద్యం వాడితే అది వాయించే మనిషి చివరిదాకా స్టేజ్ మీద ఉండాలి, సొంత మైక్‌తో. పోస్టర్ మీద పేరుండాలి. బస్ కిరాయి, పైసలు మనమే ఇవ్వాలి. సౌండ్ చెక్‌లో ముందు ఆయన శ్రుతి చూసి, గిటార్‌ను దానికి ట్యూన్ చేయాలి. ఆయన నాలుగు నాలుగులుగా లెక్కపెట్టడు, డ్రమ్మర్‌కు తిప్పలే, తెలుసు. పడనీయండి.

మా ఊరి బైండ్లాయనను అడిగిన. రెండు రోజుల ముందు చెప్తే వస్తానన్నడు. "కథ పూర్తిగ చెప్పనిస్తరా బిడ్డా?" అని ఒక్కటే అడిగిండు. మన టైమ్ స్లాట్ ఎనిమిది నిమిషాలు. ఆయనకు ఏం చెప్పమంటారో కల్చరల్ కమిటీ వాళ్లే చెప్పాలి.