మతిమరుపు యంత్రానికి గుర్తుచీటీ

సూరత్ నగరం నుండి డుమస్ సముద్రతీరానికి పోయే దారికి సమీపాన, ఖజోద్ వద్ద, వజ్రాల వర్తకుల కోసం నిర్మించిన బ్రహ్మాండమైన భవనం 2023 డిసెంబరు 17న ప్రారంభమయినది. ఆ నగరంలో వజ్రాలనూ, రొక్కాన్నీ నమ్మకంగా చేరవేసేవారిని ఆంగడియాలు అంటారు. ఇటువంటి చేరవేతలలో ఒక పాత పద్ధతి ఉన్నది. సొమ్ము అందుకోవలసిన వ్యక్తి తన వద్ద ఉన్న ఒక చిన్న నోటు నెంబరును ముందుగా తెలియజేస్తాడు. ఆ నోటును తెచ్చి చూపినవారికి సొమ్ము ముడుతుంది. పేరు అడగరు, ఊరు అడగరు.

కంప్యూటరు లోకంలోనూ ఇటువంటి గుర్తు ఒకటి పనిచేస్తున్నది. దాని పేరు కుకీ.

వెబ్‌సైటును నడిపే సర్వరుకు పుట్టుకతోనే మతిమరుపు. అడిగిన పుటను పంపి, అడిగినవారిని అంతటితో మరచిపోతుంది. ఇలాగయితే బ్యాంకు ఖాతా చూచుకొనేవారు పుట మారినప్పుడల్లా పాస్‌వర్డు చెప్పుకోవలసి వచ్చును. ఈ మరపుకు విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ సంస్థకు చెందిన లూ మాంటుల్లీ అనే యువ ఇంజనీరు కుకీని రూపొందించాడు. నేడు పాస్‌వర్డు సరిపోయిన వెంటనే సర్వరు ఎవరూ ఊహించజాలని పొడవైన సంఖ్య నొకదానిని సృష్టించి, తన పద్దులో వ్రాసుకొని, దానినే బ్రౌజరుకు కూడా ఇస్తుంది. ఆపైన బ్రౌజరు ప్రతి కోరికతోనూ ఆ సంఖ్యను చూపుతుంది.

అయితే నోటుకూ కుకీకీ ఒక ముఖ్యమైన భేదం కలదు. నోటు నెంబరు పదిమందికి తెలిసినా, నోటు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంటుంది. కుకీ కేవలం నెంబరే. దానికి నకలు తీసినవాడు పాస్‌వర్డు తెలియకపోయినా యజమాని వలెనే లోపలికి పోగలడు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే సాధనాన్ని విడుదల చేసి ఈ ప్రమాదాన్ని కళ్లకు కట్టించాడు. బహిరంగ వై-ఫైలో రహస్యలిపి లేకుండా పోతున్న కుకీలను పక్క బల్ల వద్ద కూర్చున్నవారు సైతం పట్టుకోగలరని తేలింది. అటుతరువాత పెద్ద వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా తమ రాకపోకలన్నిటినీ రహస్యలిపిలోనికి మార్చుకొన్నవి.

కుకీ ఇచ్చే సంస్థకు కొన్ని విధులున్నవి. దానిని రహస్యలిపి మార్గంలోనే పంపవలెను. పుటలో నడిచే ప్రోగ్రాములు దానిని చదువకుండా కట్టడి చేయవలెను. పరాయి సైట్లు పుట్టించిన కోరికల వెంట అది పోకుండా చూడవలెను. గడువు తీరగానే పద్దు నుండి కొట్టివేయవలెను.

వినియోగదారుకూ ఒక విధి ఉన్నది. సూరత్ మరమగ్గాలపై తెలుగు నేతపనివారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు ఇంటికి డబ్బు పంపడానికి అంగడిలోని కంప్యూటరు ముందు కూర్చున్నారనుకొందాం. పని ముగించి బ్రౌజరును మూసినంతమాత్రాన సర్వరు పద్దులోని సంఖ్య చెరగదు. గడువు తీరేలోగా అదే కుర్చీలో కూర్చున్న మరొకరికి ఆ ఖాతా తెరచిన తలుపు కావచ్చును. లాగౌట్ నొక్కితేనే సర్వరుకు ఆ సంఖ్యను కొట్టివేయమని ఆజ్ఞ అందుతుంది. నెలల కష్టార్జితానికి ఆ ఒక్క క్షణపు శ్రమ కాపలా.